సన్యాసమ్మ పొయ్యికి మూడు రోజుల షట్‌డౌన్

మా సన్యాసమ్మ వదిన పేరెత్తితే చాలు, ఈ హిందీ దేశపు ఉక్కు ఊళ్లో మా పేట బర్మామైన్స్‌లో తెలుగువాళ్లందరూ ఆవిడ చేపల పులుసు గురించి మొదలుపెడతారు. నాకు ఒళ్లు మండిపోతుంది. పులుసు గురించి చెప్పేవాళ్లు బోలెడుమంది ఉన్నారు. ఆవిడ ఏం తిన్నదో, ఎప్పుడు తిన్నదో చెప్పేవాళ్లు ఒక్కరూ లేరు, ఎందుకంటే అటువైపు చూసినవాళ్లు లేరు. నేను చూశాను. అందుకని నేను చెబుతాను.

నేను ఆవిడకి ఆడపడుచుని. పేరు చిలకమ్మ. ఆవిడ మొగుడు ఆదిబాబు నాకు తోడబుట్టిన అన్న. ఆడపడుచు వదినని వెనకేసుకురావడం ఎక్కడైనా ఉందా అని మా అమ్మ పోలమ్మ నన్ను చాలాసార్లు దెప్పింది. ఇంతవరకూ లేకపోతే ఇప్పుడు ఉందనుకోమన్నాను. నాకు నోరెక్కువ, కోపం అంతకన్నా ఎక్కువ. వదినకి ఆ రెండూ లేవు. దేవుడు ఇద్దరికీ సరిగ్గా పంచి ఉంటే నేనిప్పుడు ఇది చెప్పాల్సిన పనే ఉండేది కాదు.

టెక్కలి పక్క పల్లె నుంచి పదిహేనేళ్ల పిల్లగా మా ఇంటికి కోడలై వచ్చింది. అప్పట్లో మాది రెండు గదుల ఇల్లు. అమ్మా నాన్నా, నలుగురు అన్నదమ్ములు, నేనూ. మగవాళ్లందరూ ఉక్కు కంపెనీలోనే పని, కానీ ఒకడి షిఫ్టూ ఇంకొకడి షిఫ్టూ కలిసేది కాదు. ఎ షిఫ్టు వాడికి తెల్లారకముందే డబ్బా కట్టాలి. బి షిఫ్టు వాడికి మధ్యాహ్నం అన్నం పెట్టి పంపాలి. సి షిఫ్టు వాడు పొద్దున్నే ఇంటికొచ్చి ఆకలో అంటూ గుమ్మంలో కూలబడతాడు. ఆ ఇంట్లో పొయ్యి ఆరే వేళంటూ ఉండేది కాదు.

దానికి తోడు మా ఇంట్లో బంతి పద్ధతి ఒకటి. ముందు మగవాళ్ల బంతి, తరవాత పిల్లల బంతి, ఆ తరవాత అత్తగారూ చుట్టాలూ. కోడలు అందరి ఆకులూ ఎత్తి, గచ్చు తుడిచి, అప్పుడు తినాలి. అప్పటికి అన్నం చల్లారిపోయి ఉండేది, కూర గిన్నెకి అంటుకుపోయి ఉండేది. వదిన ఆ గిన్నెలోనే అన్నం కలుపుకుని, పొయ్యి పక్కన గొంతుకూర్చుని నాలుగు ముద్దలు మింగేది. అన్నదమ్ములు వేరుపడ్డారు, నాన్న పోయారు, నాకు పెళ్లై పక్క లైను ఇళ్లలోకే కాపురానికి వెళ్లాను. వదిన మాత్రం ఆ పొయ్యి పక్కనే ఉండిపోయింది.

ఎనభయ్యో సంవత్సరంలో మా సందులో ఒక పెళ్లి జరిగింది. వంటంతా వదినదే. ఊళ్లోని దూరపు పేటలు కాసిడీహ్ నుంచి, కద్మా నుంచి కూడా చుట్టాలొచ్చారు. తిన్నవాళ్లు తిన్నట్టే "ఆహా" అన్నారు, చేతులు కడుక్కుని తాంబూలాలు నములుతూ వెళ్లిపోయారు. ఆఖరి బంతికి వదినా నేనూ కూర్చుంటే మిగిలినవి చారూ, మాడిన అన్నం. నేను లేచి నిలబడి అరిచేశాను. పెళ్లివారన్న మొహమాటం కూడా లేకుండా అరిచాను. వదిన నా చెయ్యి పట్టుకుని కిందకి లాగింది.

"అరవకు చిలకా. నాకు సీరలొద్దు, నగలొద్దు. ఒక్క పూట. నాను ఒండని కూడు, ఏడేడిగా, ముందు బంతిలో కూకుని తినాల. అంతే."

ఏడుస్తూ అనలేదు. బజారు నుంచి ఏం తేవాలో చెప్పినట్టు మామూలుగా అంది. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఒక మనిషి జీవితంలో కోరుకున్నది ఇంతేనా, ఇది కూడా దొరకలేదా?

మరుసటి మార్చిలో మా అన్న ఇంటికి కబురు తెచ్చాడు. కంపెనీలో వాడు పనిచేసే మిల్లుని రిపేరు కోసం మూడు రోజులు ఆపేస్తున్నారు. రిపేరు వాళ్లకి రాత్రింబగళ్లు పని, మా అన్నలాంటి వాళ్లకి ఛుట్టీ. వాడి స్నేహితుడు భీమారావు, అదే మిల్లులో క్రేను నడుపుతాడు, ఆ సాయంత్రమే మా అరుగు మీద వాలిపోయాడు. అతని చుట్టం ఒకాయన అడవి అంచున ఉన్న చాయ్‌బాసాలో రైల్వే ఉద్యోగి, క్వార్టరు తాళం ఇచ్చి ఊరెళ్లాడట.

"అడవంతా ఇప్పసెట్లే బావా. పువ్వు రాలీ కాలం. తాజా సారా, నాటుకోడి. మూడ్రోజులు రాజాలాగుందుం," అన్నాడు భీమారావు.

"కోడి ఎవుడు ఒండుతాడు?" అన్నాడు మా అన్న.

"అదేటి బావా, సెల్లి వత్తాది గదా!"

వదిన కిటికీ అవతల బియ్యం ఏరుతోంది. నేనక్కడే ఉన్నాను. చేట కింద పెట్టి, చీర దులుపుకుని, అరుగు మీదకి వచ్చింది.

"నానూ వత్తాను. అత్తనీ చిలకనీ కూడా తెత్తాను," అంది. ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. "కానొక మాట. మీ మిల్లుకి షట్‌డౌన్ అయితే మీకు ఛుట్టీ. నా పొయ్యికి షట్‌డౌన్ ఎప్పుడు? మూడు రోజులూ నాను పొయ్యి ముట్టను. అక్కడేటి తినాలో, ఎక్కడ తినాలో నాను సూసుకుంతాను."

మా అన్న పెద్దగా నవ్వి, "సరేలేయే," అన్నాడు. ఆ సరే అనడంలో నమ్మకం ఏ కోశానా లేదు. కానీ వదిన ఆ ఒక్క మాటనే గట్టిగా పట్టుకుంది.

ఆ వారం రోజులూ ఆవిడని చూసి తీరాలి. చాయ్‌బాసా గాలి తగిలిన ప్రతి మనిషినీ పట్టుకుంది. రైల్వే గార్డు భార్యని, బస్సు డ్రైవరుని, ఒకప్పుడు మొగుడి ఉద్యోగం కోసం అక్కడ కాపురమున్న కద్మా రుక్మిణి గారిని. అందరినీ అడిగింది ఒకటే ప్రశ్న: "అక్కడ తిన్నదాంట్లో మీరు మరిసిపోలేంది ఏటి?" పెళ్లైన నాటి నుంచీ ఉప్పు సరిపోయిందా, పులుపు సరిపోయిందా అని అడిగిన మనిషి. ఇప్పుడు తన కోసం అడుగుతోంది. రుక్మిణి గారు పాపం తలుచుకుని తలుచుకుని ఏటిచేప గురించి అరగంట చెప్పారట.

అందరికన్నా ముఖ్యమైనది సుమి. సుమి ఆ చాయ్‌బాసా దగ్గరి పల్లె నుంచి రైల్లో వచ్చి మా వీధుల్లో సాలాకుల విస్తళ్లు అమ్మేది. ఎండ దిగేదాకా మా అరుగు మీద కూర్చునేది. వదిన ఆవిడకి అంబలో అన్నమో పెట్టేది, ఇద్దరూ సగం హిందీలో కష్టసుఖాలు చెప్పుకునేవారు. వెళ్లేటప్పుడల్లా సుమి "దీదీ, హమారే ఘర్ కబ్ ఆవోగీ?" అంటూ తమ ఇంటికి ఎప్పుడొస్తావని అడగడం, వదిన నవ్వేసి ఊరుకోవడం. ఈసారి వదిన నవ్వలేదు.

"హమ్ ఆయేగా," అంది. "ఖానా తుమ్ పకాయేగా. హమ్ ఖాలీ ఖాయేగా." వస్తుందట, వంట సుమిదేనట, తాను ఊరికే తింటుందట.

సుమి ఆవిడ రెండు చేతులూ పట్టుకుని ఊపేసింది.

ప్రయాణం ముందురోజు వదిన వేళ్ల మీద నాకు అప్పజెప్పింది. మొదటిరోజు మార్వాడీ దుకాణంలో కచోరీ, జిలేబీ. రాత్రి స్టేషను దగ్గర ఢాబాలో ఏటిచేప. రెండోరోజు సుమి ఇంట్లో ఆకుల్లో చుట్టి నిప్పుల్లో కాల్చిన కోడి. మూడోరోజు సంతలో ధుస్కాలు, బియ్యం శనగపప్పు రుబ్బి నూనెలో వేస్తారట, నువ్వులతో వేయించిన ఇప్పపువ్వు, సాయంత్రం బండికి తిరుగుముఖం. డబ్బు ఎక్కడిదని నేను అడగలేదు, అది ఆవిడ పోపులపెట్టె సంగతి. చెబుతున్నంతసేపూ ఆ మొహం వెలిగిపోతూనే ఉంది. నాకు భలే సంతోషమేసింది.

అమ్మ మాత్రం మూతి ముడిచింది. "ఆ అడివోల్లింట్లో మనం కూడు తింతామేటి?"

"మీ అబ్బాయి ఆల్ల సారా తాగితే తప్పు లేదు గానీ, మనం ఆల్ల కూడు తింతే తప్పేటి అత్తా?" అంది వదిన. అంత నిమ్మళంగా అంత మాట అనగలదని నాకే తెలియదు. అమ్మ లేచి గోనెసంచి వెతకడానికి పోయింది. వదిన కూతురు గౌరీదేవి, ఇంటరు చదువుతోంది, పుస్తకంలోంచి తలెత్తి, "మా, తుమ్ జావ్. ఘర్ మై సంభాల్ లూంగీ," అంది, నువ్వెళ్లు, ఇల్లు నేను చూసుకుంటానని. ఈ కాలం పిల్లలు మనం తెలుగులో అడిగితే హిందీలో జవాబిస్తారు గానీ, ఆ రోజు ఆ పిల్లని ముద్దు పెట్టుకోవాలనిపించింది.

ఇక మనవాళ్ల బుద్ధి చూడండి. తిండి తినడానికని వేరే ఊరు వెళ్తూ, వంటిల్లు మూట కట్టుకుని బయల్దేరేవాళ్లు భూప్రపంచంలో మనం తప్ప ఇంకెవరైనా ఉన్నారా? అమ్మ గోనెసంచిలో బియ్యం పెట్టింది. చింతపండు, ఎండుమిరపకాయలు, ఆవకాయ జాడీ, ఎండుచేపలు. మా అన్న ఆ సంచి మీద పంపు స్టవ్వు పెట్టి, దాని పక్కన కిరసనాయిలు డబ్బా పెట్టి తాడు కట్టాడు. ఎందుకురా అంటే, "ఎందుకైనా మంచిది, పరాయూరు," అన్నాడు. వదిన అది చూసింది. తెల్లవారి అందరూ హడావిడిగా రిక్షా ఎక్కుతుంటే నా చెవిలో మాత్రం ఒక మాట ఊదింది. నేను కిరసనాయిలు డబ్బా తాడు విప్పి, పక్క లైన్లో మా ఇంట్లో మంచం కింద పెట్టేసి పరిగెత్తుకొచ్చాను.

చాయ్‌బాసా క్వార్టర్లో దిగీ దిగగానే మా అన్న స్టవ్వు బయటికి తీసి, చేతులు దులుపుకుని, "ఏయే, కొంచెం టీ ఎట్టు," అన్నాడు. మూడు రోజులు పొయ్యి ముట్టనన్న మాట వాడికి గుర్తే లేదు. వదిన మెల్లగా, "కిరసనాయిలేదీ?" అంది. నువ్వు తెచ్చావంటే నువ్వు తెచ్చావని మా అన్నా భీమారావూ దెబ్బలాడుకున్నారు. ఆ దెబ్బలాట ఆగేసరికి మేము ఆడవాళ్లం ముగ్గురం చెప్పులు తొడుక్కుని వీధిలో ఉన్నాం.

ఇక్కడిదాకా గెలుపే. కానీ వాళ్లిద్దరూ మా వెనకే వచ్చారు, మార్వాడీ దుకాణంలో దెబ్బ తిన్నాం.

దుకాణదారు కచోరీలు వేడివేడిగా ప్లేట్లలో పెట్టి అందిస్తున్నాడు. బల్ల చివర వదిన కూర్చుంది, కాబట్టి మొదటి ప్లేటు ఆవిడ చేతికే వచ్చింది. ఆవిడ అది అమ్మకిచ్చింది. రెండోది మా అన్నకి. మూడోది భీమారావుకి. నాలుగోది నా ముందు పెట్టింది. నేను నా ప్లేటు ఆవిడ వైపు తోస్తే వెనక్కి తోసింది, ఈలోగా మా అన్న "ఇంకోటి" అన్నాడు, ఐదో ప్లేటు అటు పోయింది. అంతే, దుకాణదారు కళాయి దింపేశాడు, సాయంత్రం దాకా లేవన్నాడు. జిలేబీల్లోనూ అదే వరస. రాత్రి ఢాబాలో చేప వస్తే, ముళ్లు తీసి అమ్మకి పెడుతూ కూర్చుంది, తన ముక్క మీద నూనె పేరుకుపోయింది.

ఆ రాత్రి క్వార్టరు మెట్ల మీద కూర్చుని నాతో అంది, "ఎవలూ నన్నాపలేదే చిలకా. నా సెయ్యే ఇచ్చీసింది. నా సెయ్యే నాకు అడ్డం." నాకు ఎవరి మీద అరవాలో తెలియలేదు. అత్త మీద అరవొచ్చు, మొగుడి మీద అరవొచ్చు. సొంత చేతి మీద ఎలా అరుస్తాం? వారం రోజులు తిరిగి, అందరినీ అడిగి వేసుకున్న ఏర్పాటంతా ఆ చెయ్యి దగ్గర ఆగిపోయింది. ఇంకా రెండు రోజులున్నాయని మాత్రం అన్నాను.

రెండోరోజు బస్సు దిగి సుమి పల్లెకి పొలాల గట్ల మీద నడిచాం. దారి పొడవునా ఇప్పపువ్వు రాలి పడి ఉంది, తీపి వాసన ముక్కుకి కొడుతోంది. భీమారావు కళ్లు మూసుకుని గుండెల నిండా పీలుస్తున్నాడు. సుమి గుమ్మంలోనే చెంబుతో నీళ్లు పట్టుకుని నిలబడింది. మా అందరికీ కాళ్లు కడిగింది. వదిన కాళ్లు కడుగుతుంటే వదిన వద్దు వద్దని వంగబోయింది. సుమి ఆవిడ భుజం పట్టుకుని నిలబెట్టి, "ఆజ్ తుమ్ మేహమాన్ హో, దీదీ," అంది, ఇవాళ నువ్వే చుట్టానివని. పెరట్లో సుమి మొగుడు కోడికి మసాలా పట్టించి, ఆకుల్లో చుట్టి, నిప్పుల్లో పెడుతున్నాడు. మా అన్న ఒక మగవాడు వంట చేయడం ఎన్నడూ చూడనట్టు నోరు తెరుచుకుని చూసి, సారా సీసా కనపడగానే అటు తిరిగాడు.

ఎండలో నడిచిన అమ్మ వసారాలో కూలబడి దాహం అంది. సుమి ఒక కుండలోంచి తెల్లటి నీళ్లు ఆకు డొప్పలో పోసి ఇచ్చింది. అమ్మ ఒక గుక్క తాగి ఆగిపోయింది. కళ్లు పెద్దవి చేసింది.

"ఓలమ్మా! తరవాణే! అచ్చం మాయమ్మ సేతి తరవాణే!"

మా పల్లెల్లో అన్నం గంజి కుండలో పులియబెట్టి చద్దన్నంలో పోసుకునే తరవాణి. ఈ ఊరొచ్చాక అమ్మకి అది కుదిరింది లేదు, ఎప్పుడు తలుచుకున్నా కన్నీళ్లు పెట్టుకునేది. కానీ సుమి పోసింది తరవాణి కాదు, హడియా. అదీ అన్నం పులియబెట్టిందే, కానీ మత్తుగలది. గౌరవంగా చుట్టాలకి ఇస్తారు. సారా వాసన తగిలితే ముక్కు మూసుకునే మా అమ్మ ఉల్లిపాయ అడిగి, కొరుక్కుంటూ రెండో డొప్ప తాగింది. వదిన నోరు తెరవబోయింది. నేను గట్టిగా గిల్లాను. ముసలిదానికి ఇన్నాళ్లకి తన తరవాణి దొరికింది, నేనెందుకు చెడగొట్టాలి? మూడో డొప్పకి అమ్మ సుమి బుగ్గ నిమిరి తెలుగులో ఆశీర్వదించడం మొదలుపెట్టింది.

ఇంతలో అన్నం ఉడికింది. వసారా ఇరుకు, ముగ్గురికి మించి పట్టరు. సుమి చాప పరిచి మూడు విస్తళ్లు వేసింది. ఆవిడ మొగుడు నిప్పుల్లోంచి ఆకుల పొట్లం తెచ్చి విప్పాడు. ఆ వాసనకి పెరట్లో ఉన్న ఇద్దరూ చేతులు కడుక్కుని బయల్దేరారు.

వదిన అలవాటు ప్రకారం గోడకి ఆనుకుని నిలబడి ఉంది. ఆవిడ చెయ్యి అన్నం గిన్నెలో ఉన్న గరిటె మీదకి వెళ్లడం నేను చూశాను. ఆవిడా చూసుకుంది. నిప్పు ముట్టుకున్నట్టు చెయ్యి వెనక్కి లాక్కుంది. గబగబా నడిచి మొదటి ఆకు ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది. కూర్చుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, వాటి మీద బరువేసింది.

మా అన్న వచ్చి చూశాడు. "ఏటే, లే. భీమారావు నిలబడ్డాడు, కనపళ్లేదేటి?"

"కనపడ్డాడు."

"మరి లేసి ఒడ్డించు."

"నానొల్లను." ఆవిడ తల ఎత్తే ఉంది. "ఇయాల నువ్వొడ్డించు. నాను తింతాను."

మా అన్న మొహం కందగడ్డలా అయిపోయింది. పరాయి ఇల్లు, పక్కన స్నేహితుడు, కడుపులో సారా. "లేత్తావా, లేదా?" అని ఒక అడుగు ముందుకేశాడు. వదిన కదల్లేదు. వాడికి ఏం చెయ్యాలో తోచక అమ్మ వైపు తిరిగాడు. "అమ్మా, సూడు నీ కోడలి యవ్వారం!"

నేను చీర కొంగు దోపాను. ఆ రోజు వాడికి నా చేతిలో మూడేదే. ఈలోగా అమ్మ డొప్ప కింద పెట్టి, స్తంభం పట్టుకుని లేచింది. ఒక్కొక్క అడుగే వేస్తూ వచ్చి వదిన పక్కన నిలబడింది. వదిన తల దించింది, చేతులు మాత్రం బయటికి తీయలేదు.

అమ్మ దబ్బుమని రెండో ఆకు ముందు చతికిలబడింది.

"ఒరే ఆదిబాబూ," అంది. "మీయయ్య బతికున్నన్నాల్లూ ఆయనకి ముందు బంతి ఎట్టినాను. సచ్చిపోనాక దినం రోజునా ముందు పిండం ఆయనకే ఎట్టి, పొద్దు వాలినాక నాను తిన్నాను. ఏడి కూడు ఎలగుంతాదో నాకు తెల్దురా. ఒడ్డించు."

సుమికి తెలుగు రాదు, అయినా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తోంది.

"నువ్వేటే చిలకా, మాను లాగ నిలబడ్డావు? మూడో ఆకు నీకే," అంది అమ్మ. నేను వెళ్లి కూర్చున్నాను. నేనూ ఒక ఇంటికి కోడలినే కదా. ఇన్నాళ్లూ వదిన కోసం అరిచాను గానీ, నా ఆకు సంగతి నాకే గుర్తు లేదు.

మా అన్న వంగి గరిటె తీసుకున్నాడు. వాడికి వడ్డించడం చేతకాదు. అన్నం అంతా ఒక్క చోట గుట్టగా పడేశాడు. భీమారావు గిన్నె పట్టుకుని, "కూర ముందా, పచ్చడి ముందా?" అని అడిగితే, "నాకేటి తెల్సు?" అని కసిరాడు. సుమి మొగుడు నవ్వుతూ కోడి ముక్కలు తీసి ఇస్తుంటే, ఇద్దరూ వరసగా మా ఆకుల్లో పెట్టుకుంటూ వచ్చారు.

వదిన కుడిచెయ్యి తొడ కిందనుంచి బయటికి తీసింది. అన్నంలో వేళ్లు పెట్టి, చటుక్కున తీసేసింది.

"కాలిందే!" అంది. పకపకా నవ్వేసింది.

తరవాత తింది. ఎవరినీ చూడలేదు, ఎవరి ఆకులో ఏం తక్కువైందో చూడలేదు. ఆకు కాలిన వాసనతో మెత్తగా ఉడికిన కోడి, ఎర్రచీమలు నూరిన పచ్చడి. ఆ పచ్చడి పుల్లగా ఉంటే ఇది మన గోంగూర చెల్లెలేనని తనలో తనే గొణుక్కుంది. ఆకు ఖాళీ అయ్యాక తలెత్తి మా అన్నతో "ఇంకొంచెం ఎయ్యి," అంది. వేశాడు. "ఇంకొంచెం," అంది. "ఇంకానా?" అన్నాడు. "ఇంకానే," అంది. నాకు ఏడుపు ఆగలేదు. పచ్చడి కారమని చెప్పాను. కారం కాదు, సంతోషం. అంత సంతోషం నా పెళ్లినాడు కూడా లేదు.

కానీ మా అన్న ఊరుకుంటాడా? మర్నాడు పొద్దున్నే క్వార్టరు వసారాలో భీమారావుతో వదినకి వినపడేలా అన్నాడు, "అమ్మ తాగి వాగిందిరా. తాగినోల్ల మాటకి లెక్కేటి? ఇంటికెల్లినాక మామూలే." మూట కడుతున్న వదిన చెయ్యి ఆగిపోయింది. నిన్నటి నవ్వంతా మొహంలోంచి దిగిపోయింది. అదంతా మూడు డొప్పల పుణ్యమేనా, మత్తు దిగాక మళ్లీ అదే పొయ్యి పక్కకేనా? ఆవిడ మనసులో మెదిలింది అదేనని నాకు తెలుసు.

అమ్మ తలనొప్పితో ఆలస్యంగా లేచింది. మా అన్న కావాలనే ఎదురుగా కూర్చుని చెప్పేశాడు. "అమ్మా, నిన్న నువ్వు తాగింది తరవాణి కాదు. హడియా. సారాకి అప్ప."

అమ్మ రెండు చెంపలూ వాయించుకుంది. రామ రామ అంది. సంతకి నడుస్తున్నంతసేపూ తల వంచుకునే నడిచింది. మా అన్న మాత్రం ఛాతీ విరుచుకుని ముందు నడిచాడు. వాణ్ణి వెనకనుంచి ఒక్క తోపు తోయాలనిపించింది.

సంత మొదట్లోనే ధుస్కాల దుకాణం. నూనె మరుగుతోంది. ఎదురుగా ఒకటే బల్ల. మా అన్న వెళ్లి దాని మీద కూర్చోబోయాడు.

"ఆగరా," అంది అమ్మ.

ముందుకొచ్చి, బల్ల మధ్యలో తాను కూర్చుంది. పక్కన చేత్తో రెండుసార్లు చరిచింది.

"సన్యాసమ్మా, రా. కూకో. చిలకా, నువ్వూ రా." అప్పుడు మా అన్న వైపు తలెత్తింది. "నిన్న తాగి అన్నానన్నావు గదా. ఇయాల తాగలేదు. ఇయాలా అదే అంతన్నాను, రేపు మనింట్లోనూ అదే అంతాను. ముందు బంతి మాదిరా. ఎల్లి నీల్లు తే."

మా అన్న భీమారావు వైపు చూశాడు. భీమారావు సంత వైపు చూశాడు. వాడు వెళ్లి మూడు గ్లాసుల నీళ్లు తెచ్చి మా ముందు పెట్టాడు.

దుకాణం ఆవిడ ధుస్కాలు తీసి ఆకులో వేసి, వేడి బంగాళదుంప కూర పోసి మొదటి ఆకు ముందుకి చాచింది. వదిన రెండు చేతులా అందుకుంది. దాన్ని ఎవరికీ ఇవ్వలేదు. తన ఒళ్లో పెట్టుకుని, ఊదుకుంటూ తినేసింది.